కణముల నడుమ జిగురు : దానిని కొలుచు విధము

ఏడవ నెల నడచుచున్న గర్భిణికి నొప్పులు వచ్చినవనుకొందము. ఇవి దొంగనొప్పులు, జీలకర్ర కషాయము త్రాగించిన తగ్గిపోవునని ఇంటిలో ఒకరందురు. కాదు, వెంటనే ఆసుపత్రికి పోవలెనని మరియొకరందురు. ఆసుపత్రికి పోయిన తరువాత డాక్టరుకును ఇదే సందేహము. గర్భాశయపు ముఖద్వారము బాగుగా తెరచుకొన్నచో చెప్పవలసినది లేదు. తెరచుకొననిచో, ఈ నొప్పులు తెల్లవారుసరికి సద్దుమణగునో, లేక బిడ్డను బయటకు తెచ్చునో చేతి పరీక్షతో తేల్చుట కష్టము.

ఇది చిన్న సందేహము కాదు. 37 వారములు నిండకముందు పుట్టినవారిని నెలలు నిండని బిడ్డలందురు. 2020 వ సంవత్సరములో ప్రపంచమంతటను ఇట్టి బిడ్డలు సుమారు 1 కోటి 34 లక్షలమంది పుట్టిరనియు, అందులో 30 లక్షలమంది భారతదేశములోనే పుట్టిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ, దానితో కలసి పనిచేసిన పరిశోధకులు లెక్కగట్టిరి. అట్టి బిడ్డకు ముందుగా వచ్చు చిక్కు ఊపిరితిత్తులది. అవి పక్వము కానందున గాలి పీల్చుకొనలేక ప్రాణాపాయము కలుగును. 1972 లో న్యూజిలాండు దేశీయులైన లిగ్గిన్స్, హౌవీ అను వైద్యులు ఇందుకొక ఉపాయము చూపిరి. కాన్పుకు ముందు తల్లికి ఒక జాతి స్టీరాయిడును ఇంజెక్షనుగా ఇచ్చినచో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమగును. అయితే ఈ మందు గుణము ఇచ్చిన 24 గంటల తరువాత మొదలుకొని ఏడు దినములలోపల పుట్టిన బిడ్డలలో మిక్కిలిగా కనబడును. అనవసరముగా ముందే ఇచ్చినచో అసలు కాన్పునాటికి దాని బలము తగ్గియుండును. ఆలస్యమైనచో పని చేయుటకు వ్యవధి చాలదు. కావున డాక్టరుకు కావలసిన సమాచారము ఒక్కటే: ఈ తల్లి రానున్న వారము రోజులలో ప్రసవించునా, ప్రసవింపదా?

ఈ ప్రశ్నకు కొంతవరకు జవాబు చెప్పగల పదార్థమొకటి మన శరీరములోనే కలదు. అది కణములను అంటిపెట్టియుంచు జిగురు. దాని పేరు ఫైబ్రోనెక్టిను. దానిని కొలుచుట ఎట్లు, కొలిచిన అంకెను అర్థము చేసికొనుట ఎట్లు అనునది ఈ వ్యాసపు విషయము.

జిగురు కథ

గోడకు ఇటుకలు ఎంత ముఖ్యమో, ఇటుకల నడుమ సున్నమో సిమెంటో అంత ముఖ్యము. శరీరములో కణములు ఇటుకలవంటివైనచో, వాటి వెలుపల పరచుకొనియున్న పదార్థము సున్నమువంటిది. శాస్త్రజ్ఞులు దీనిని కణబాహ్య మాతృక అందురు. ఈ పోలికను మరీ దూరము లాగరాదు. సున్నము నిర్జీవము, ఒకసారి గట్టిపడిన మారదు. మాతృకను కణములే తయారుచేసి బయటకు పంపును, అవసరమైనప్పుడు తామే కరగించి మరల నేసికొనును. ఇందులో కొల్లాజెను అను మాంసకృత్తు దారములవలె బలము నిచ్చును. ఎలాస్టిను సాగుడు గుణము నిచ్చును. ఫైబ్రోనెక్టిను ఒక చేతితో కణమును, మరియొక చేతితో కొల్లాజెనును పట్టుకొని రెండింటిని కలిపియుంచును. లాటిను భాషలో ఫైబ్రా అనగా నార, నెక్టెరే అనగా కట్టుట. పేరు ఈ రెండింటినుండి పుట్టినది.

ఒక్కొక్క ఫైబ్రోనెక్టిను అణువులో రెండు పొడవాటి గొలుసులుండును. ఒక్కొక్క గొలుసులో రెండు వేల పైచిలుకు అమైనో ఆమ్లములు కూర్చబడియుండును. రెండు గొలుసులు ఒక కొనవద్ద గంధకపు బంధములతో ముడిపడియుండును. ఇంత పెద్ద అణువును కణము ఎక్కడ పట్టుకొనును? 1984 లో పియర్ష్‌బాకర్, రూస్లహ్టి అను వారు ఈ రహస్యమును విప్పిరి. ఆర్జినీను, గ్లైసీను, ఆస్పార్టిక్ ఆమ్లము అను మూడు అమైనో ఆమ్లములు వరుసగా నున్న చిన్న తావే కణము యొక్క ముఖ్యమైన పట్టు. రెండు వేలలో మూడు!

విచిత్రమేమనగా, ఈ జిగురు రక్తములోను కరగియుండును. 1948 లోనే కొందరు రసాయనజ్ఞులు రక్తరసమును చల్లబరచినప్పుడు అడుగునకు దిగు ఒక మాంసకృత్తును గుర్తించి, చలికి కరుగని గ్లోబ్యులిను అని పేరు పెట్టిరి. అది ఫైబ్రోనెక్టినే అని తెలియుటకు దాదాపు మూడు దశాబ్దములు పట్టినది. ఆరోగ్యవంతుని రక్తరసములో మిల్లీలీటరుకు సుమారు 300 మైక్రోగ్రాముల ఫైబ్రోనెక్టిను ఉండును. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. ముందు ముందు దీనితో పని కలదు.

గర్భములో ఇది చేయు పని యేమి? పిండమును, ఉమ్మనీటిని చుట్టియున్న సంచి గర్భాశయపు లోపలి పొరకు ఆనుకొనియుండును. ఆ రెంటి నడుమ ఫైబ్రోనెక్టిను జిగురువలె నిలిచియుండును. గర్భము మొదటి సగములో, సంచి ఇంకను పూర్తిగా అతుకుకొనకముందు, ఈ పదార్థము కొంచెము యోని ద్రవములోనికి వచ్చుచుండును. సుమారు 22 వారముల తరువాత అతుకు గట్టిపడి, రాక నిలిచిపోవును. మరల 35 వారములు దాటి కాన్పు దగ్గరపడినప్పుడు అతుకు సడలి, జిగురు బయటపడ నారంభించును. ఈ నడిమి కాలములో, అనగా ఉండకూడని సమయములో అది కనబడినచో ఎక్కడనో అతుకు వీడుచున్నదని అనుమానింపవచ్చును. 1991 లో అమెరికాలో లాక్‌వుడ్, ఆయన సహచరులు ఈ విషయమును ప్రకటించిరి. మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు లేక అంతకు మించి యున్నచో ఉన్నట్లుగాను, తక్కువైనచో లేనట్లుగాను ఎంచవలెనని నియమము ఏర్పడినది. 1995 లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ ఈ పరీక్షకు అనుమతి నిచ్చినది.

యాభై నానోగ్రాములు ఎంత?

గ్రామును నూరు కోట్ల భాగములు చేసిన అందులో ఒక భాగము నానోగ్రాము. మిల్లీలీటరుకు 50 నానోగ్రాములనగా, వేయి లీటర్ల నీళ్ళ తొట్టిలో 50 మిల్లీగ్రాముల ఉప్పు వేసి కలిపినట్లు. అది రెండు వ్రేళ్ళ చివర పట్టు చిటికెడుకంటె తక్కువ. పైగా ఆ తొట్టిలో ఉప్పొక్కటే కాక, వందలకొలది ఇతర పదార్థములు అంతకు వేలరెట్లు కలిసియున్నవనుకొనుడు. వాటినడుమ దీనినొక్కదానినే ఏరి లెక్కించవలెను. త్రాసుకు అందదు. సామాన్య రసాయన పరీక్షలకు మాంసకృత్తులన్నియు ఒక్కతీరుగా కనబడును.

ఈ ఏరుడు పనికి ప్రకృతియే ఒక సాధనము చేసి పెట్టినది. మన శరీరములో పరాయి పదార్థము ప్రవేశించినప్పుడు దానిని గుర్తుపట్టి అంటుకొను మాంసకృత్తులు పుట్టును. వీటిని ప్రతిరక్షకములందురు. ఏ పదార్థమునకు పుట్టిన ప్రతిరక్షకము ఆ పదార్థమునే పట్టుకొనును. తాళమునకు తగిన చెవివలె, రెంటి ఆకారములు ఒకదానికొకటి సరిపోవుటయే ఇందుకు కారణము. మనిషి ఫైబ్రోనెక్టినును మేకకో, కుందేలుకో, చుంచెలుకకో ఎక్కించినచో, ఆ జంతువు రక్తములో దానిని పట్టు ప్రతిరక్షకములు తయారగును.

అయితే పట్టుకొన్నదని మనకు తెలియుట ఎట్లు? ప్రతిరక్షకము కంటికి కనబడదు. అమెరికాలో రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అను వారు 1960 నాటికి రేడియో ధార్మికత గల అయోడినును గుర్తుగా తగిలించి రక్తములోని ఇన్సులినును కొలిచిరి. ఈ పద్ధతికై యాలోకు 1977 లో నోబెల్ బహుమతి లభించినది. బెర్సన్ అంతకుముందే 1972 లో మరణించెను. ఆ పద్ధతి చాల సూక్ష్మమైనదే గాని, రేడియో ధార్మిక పదార్థములతో పని ప్రతి ఆసుపత్రికి సాధ్యము కాదు. 1971 లో స్వీడను దేశములో స్టాక్‌హోము విశ్వవిద్యాలయమునందు ఏవా ఎంగ్వాల్, ఆమె గురువు పీటర్ పెర్ల్‌మన్ ఆ అయోడినుకు బదులు ఎంజైమును తగిలించిరి. అదే సమయమున హాలెండులో వాన్ వీమెన్, స్ఖూర్స్ అను వారును స్వతంత్రముగా ఇదే దారి పట్టిరి. ఎంగ్వాల్, పెర్ల్‌మన్‌లు పెట్టిన పొడవైన ఆంగ్ల నామము యొక్క మొదటి అక్షరముల కూర్పే నేడు ప్రతి ప్రయోగశాలలో వినబడు ఎలీసా.

ఎంజైము ఎందుకు? ఒక్క ఎంజైము అణువు తాను ఖర్చుకాకుండ వేలకొలది రంగు అణువులను తయారుచేయగలదు. కాబట్టి కంటికి కనబడని ఒక్క సంఘటన, కొద్ది నిమిషములలో కంటికి కనబడు రంగుగా పెరుగును. ఈ ఉపాయములోని సౌందర్యమంతయు నిక్కడనే యున్నదని నా అభిప్రాయము.

ఈ ఎంగ్వాల్ తరువాత చేసిన పని మన విషయమునకు మరింత దగ్గర. 1977 లో ఆమెయు, పైన పేర్కొన్న రూస్లహ్టియు కలసి, ఫైబ్రోనెక్టిను కొల్లాజెనును గట్టిగా అంటుకొనునని చూపిరి. కొలుచు పద్ధతిని కనుగొన్న చేతులే కొలవవలసిన పదార్థము యొక్క స్వభావమునుగూడ వెదకినవి.

కొలుచు పద్ధతి

ప్రయోగశాలలో పారదర్శకమైన ప్లాస్టిక్కు పలక యొకటి ఉండును. గుంతపొంగనముల పెనము చూచినవారికి దాని రూపము చెప్పనక్కరలేదు. కాని గుంతలు చిన్నవి, 8 వరుసలలో వరుసకు 12 చొప్పున మొత్తము 96. ముందుగా ప్రతి గుంత అడుగున ఫైబ్రోనెక్టినును పట్టు ప్రతిరక్షకమును పూసి అంటింతురు. ప్లాస్టిక్కులో ఇంకను ఖాళీగా మిగిలిన తావులను మరియొక మాంసకృత్తుతో కప్పుదురు. లేనిచో తరువాత పోయబోవునవి అక్కడక్కడ ఊరకనే అంటుకొని మోసగించును. ఈ కప్పుటకు కొన్ని పరీక్షలలో జెలాటినును వాడుట కద్దు. ఇక్కడ మాత్రము అది పనికిరాదు. జెలాటిను అనగా ఉడికిన కొల్లాజెనే. ఫైబ్రోనెక్టినుకు కొల్లాజెనుపై నున్న మక్కువ ఇప్పుడే చెప్పితిమి. ప్రతిరక్షకముతో పనిలేకయే అది జెలాటినుకు అతుకుకొనును. కనుక పాలలోని మాంసకృత్తు వంటివానిని వాడుట మేలు.

తరువాత పరీక్షింపవలసిన ద్రవమును కొలిచి గుంతలో పోసి కొంతసేపు ఉంచుదురు. ఫైబ్రోనెక్టిను అడుగునగల ప్రతిరక్షకమునకు చిక్కును. మిగిలిన దంతయు కడిగివేయుదురు. పిమ్మట ఎంజైము తగిలించిన రెండవ ప్రతిరక్షకమును పోయుదురు. అది చిక్కియున్న ఫైబ్రోనెక్టినును పైనుండి పట్టుకొనును. మరల కడిగి, ఎంజైమువలన రంగు మారు రసాయనమును పోయుదురు. ఒక జాతి రసాయనము మొదట నీలముగా మారి, ఆమ్లము వేసి చర్యను ఆపగనే పసుపుపచ్చగా మారును. ఆ పసుపు ఎంత చిక్కనిదో కాంతిమాపకముతో చూతురు. రెండు ప్రతిరక్షకములు చెరియొక ప్రక్కను పట్టిననే రంగు వచ్చును. ఒక్క పట్టు పొరపాటున తగిలినను రెండవది సాధారణముగా తగులదు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు గాని నమ్మకుండుట వంటిది ఈ ఏర్పాటు.

రంగును అంకెగా మార్చుట విద్యార్థులు గ్రాఫు కాగితముపై చేయదగిన లెక్క. మాదిరికి కొన్ని అంకెలు తీసికొందము. ముందే తెలిసిన మోతాదులు, అనగా మిల్లీలీటరుకు 25, 50, 100, 200 నానోగ్రాములున్న ద్రావణములను కొన్ని గుంతలలో పోసితిమి. వాటి రంగు చదువులు వరుసగా 0.30, 0.55, 1.00, 1.70 వచ్చినవి. అడ్డగీతపై మోతాదు, నిలువుగీతపై రంగు గుర్తించి చుక్కలు కలిపిన ఒక వంపుగీత ఏర్పడును. పరీక్షించు ద్రవము 0.42 చూపినచో, ఆ ఎత్తున గీతను తాకి క్రిందికి దిగిన సుమారు 37 నానోగ్రాములని తేలును. గీత పైభాగమున వంగిపోవుటను గమనింపుడు. అడుగునగల ప్రతిరక్షకము నిండిపోయిన కొలది, ఎంత పోసినను రంగు పెరుగదు. రెండు ప్రతిరక్షకములను ఒకేసారి కలిపి చేయు పరీక్షలలో మరియొక వింతయు కలదు. పదార్థము మరీ ఎక్కువైనచో రెండు ప్రతిరక్షకములును వేర్వేరు అణువులతో నిండిపోయి, జత కుదరక, రంగు తగ్గిపోవును. కొండంత యున్నను గోరంత కనబడును. అందుకే అనుమానము కలిగినప్పుడు ద్రవమును పదిరెట్లు పలుచన చేసి మరల కొలుతురు.

ఏ ఫైబ్రోనెక్టిను?

మిల్లీలీటరు రక్తరసములో 300 మైక్రోగ్రాములని ముందు చెప్పితిమి. అనగా 3,00,000 నానోగ్రాములు. మన హద్దు 50. ఒకటి మరొకదానికి ఆరువేల రెట్లు! దూదిపుల్లతో తీసిన ద్రవములో ఇసుమంత రక్తము కలిసినను లెక్క తారుమారు కావలసినదే. పిండపు జిగురును తల్లి రక్తములోని జిగురునుండి వేరుచేసి గుర్తించు మార్గము కావలెను. రెండింటిని తయారుచేయు జన్యువు ఒక్కటే. మరి భేదమెక్కడ?

ఇక్కడ 1975 లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ కనుగొన్న పద్ధతి సహాయపడినది. జంతువు రక్తములో ఒకే పదార్థమునకు పలురకముల ప్రతిరక్షకములు కలగలుపుగా నుండును. వీరు ఒకే కణపు సంతతినుండి ఒకే తీరు ప్రతిరక్షకమును కావలసినంత తయారుచేయుట నేర్పిరి. 1985 లో మత్సూరా, హకొమొరి అను జపాను శాస్త్రజ్ఞులు అమెరికాలో పనిచేయుచు, పిండములోను క్యాన్సరు కణములలోను కనబడు ఫైబ్రోనెక్టినును పట్టుకొని, సామాన్య రక్తరసములోని దానిని వదలివేయు ప్రతిరక్షకము నొకదానిని సంపాదించిరి. అది గుర్తించునది గొలుసులోని ఆరు అమైనో ఆమ్లముల చిన్న తావును, వానిలో ఒకదానిపై మొలచిన ఒక్క చక్కెర అణువును మాత్రమే. ఆ చక్కెర మొలక లేనిచో పట్టు లేదు. అంత పెద్ద అణువుపై ఆ చిన్న గుర్తే ఇది పిండపు సొత్తని చెప్పుచున్నది. దీనిని అడుగున పూసి, పైన సామాన్య ఫైబ్రోనెక్టినును పట్టు ప్రతిరక్షకమును వాడి పరీక్షను కూర్చిరి.

అయినను సేకరణలో జాగ్రత్తలు తప్పవు. ప్రతిరక్షకము ఎంత నేర్పుగలదైనను ఎక్కువ రక్తము కలిసిన నమూనాను నమ్మరాదు. పురుష వీర్యములోను ఇట్టి ఫైబ్రోనెక్టిను ఉండును గాన, అంతకుముందు 24 గంటలలోపల దాంపత్య సంబంధము జరిగియుండరాదు. డాక్టరు చేతి పరీక్ష చేయుటకు ముందే దూదిపుల్లతో ద్రవము తీయవలెను. ఉమ్మనీటి సంచి పగిలిన తరువాత ఈ పరీక్ష వ్యర్థము, ఏలయన ఉమ్మనీటిలో ఈ పదార్థము సమృద్ధిగా నుండును.

రక్తములోని ఫైబ్రోనెక్టినును కొలుచువారికి మరియొక చిక్కు. రక్తము గడ్డకట్టునప్పుడు ఫైబ్రోనెక్టినులో కొంత ఆ గడ్డలోనే చిక్కుకొనును. కావున గడ్డకట్టిన తరువాత తేరిన సీరములో, గడ్డకట్టనీయక తీసిన రక్తరసములోకంటె అది తక్కువగా నుండును. మనిషి ఒకడే, రక్తము ఒకటే, అంకెలు రెండు. రెండును సరియైనవే. ఏ నమూనాయో చెప్పని అంకెకు మాత్రము అర్థము లేదు.

అంకె చెప్పునది, చెప్పనిది

1997 లో అమెరికాలో నొప్పులతో వచ్చిన గర్భిణులపై జరిగిన పెద్ద పరిశీలన ఒకటి ప్రకటింపబడినది. పరీక్షలో ఈ పదార్థము లేదని తేలినవారిలో నూటికి 99 మందికి పైగా తరువాతి ఏడు దినములలో ప్రసవింపలేదు. ఇది వినుటకు అద్భుతముగా నున్నది గాని, విద్యార్థులు ఒక్క ప్రశ్న వేయవలెను: పరీక్షయే లేకున్నచో ఎంతమంది ప్రసవింతురు?

లెక్కకొరకు 200 మంది నొప్పులతో వచ్చిరని ఊహింతము. నొప్పులు వచ్చినవారిలో అధికసంఖ్యాకులు ఆ వారములో ప్రసవింపరు. అట్లు ప్రసవించువారు 6 గురు అనుకొందము. పరీక్షలో 40 మందికి ఉన్నట్లును, 160 మందికి లేనట్లును తేలినది. ఆ 6 గురిలో 5 గురు మొదటి గుంపులోను, ఒకరు రెండవ గుంపులోను ఉన్నారు. లేదన్న 160 మందిలో 159 మందికి మాట నిజమైనది, అనగా నూటికి 99 కి పైగా. ఉన్నదన్న 40 మందిలో నిజమైనది 5 గురికే, అనగా ఎనిమిదిమందిలో ఒకరికి. ఒకే పరీక్ష, ఒకే దినము, రెండు జవాబులకు ఇంత భేదము! ప్రసవించువారు మొదటినుండియు కొద్దిమందే యగుటచేత, లేదను మాట తేలికగా నిజమగును, ఉన్నదను మాట తేలికగా తప్పును. పరీక్ష చేసిన మేలు ఏమనగా, 200 మందిలో ఎవరిపై కన్ను వేసియుంచవలెనో ఆ గుంపును 40 మందికి తగ్గించుట. తప్పిపోయిన ఆ ఒక్కరిని మాత్రము మరువరాదు.

కాబట్టి లేదని తేలినప్పుడు, ఇతర లక్షణములును తేలికగా నున్నచో, తల్లిని దూరపు పెద్ద ఆసుపత్రికి తరలింపక, స్టీరాయిడు ఇంజెక్షను తొందరపడి ఇవ్వక వేచియుండుటకు డాక్టరుకు ఆధారము దొరకును. నొప్పులు పెరిగినచో మరల రావలెనని చెప్పి పంపుదురు. ఉన్నదని తేలినప్పుడు ఆ ఒక్క అంకెను పట్టుకొని చికిత్స నిర్ణయింపరు. అల్ట్రాసౌండుతో గర్భాశయ ముఖద్వారపు పొడవును కొలుతురు. అది పొట్టిదైనచో అనుమానము బలపడును. అప్పుడు ఇంజెక్షను ఇచ్చి, నెలలు నిండని బిడ్డను కాపాడు సదుపాయములున్న చోటికి తల్లిని కాన్పుకు ముందే చేర్చుదురు. బిడ్డను పుట్టిన తరువాత మోసికొనిపోవుటకంటె గర్భములో నుండగనే తీసికొనిపోవుట క్షేమము. ఇదే పనికై తరువాతి కాలములో ఇతర మాంసకృత్తులను కొలుచు పరీక్షలును వచ్చినవి. వాటిలోను పట్టునది ప్రతిరక్షకమే.